పాత 2516 టిప్పర్‌కి ఏ థర్మోస్టాట్ వేయాలి? మేస్త్రీ ఏమో అసలు వద్దంటున్నాడు

చీమకుర్తి_2516:
అన్నలకు నమస్తే. బండి టాటా 2516 టిప్పరు, 2006 మోడలు, కమ్మిన్స్ 6బీటీ ఇంజను. క్వారీ గుంతలోంచి వేస్టు రాయి పైకి తోలే పని. జబ్బు ఇది: ఖాళీగా దిగేటప్పుడు హీటు మీటరు సగం కూడా దాటదు. లోడుతో ర్యాంపు ఎక్కేసరికి ముల్లు ఎర్రగీత పక్కకు పోతుంది. పైకొచ్చి సమంగా రెండు నిమిషాలు నడిస్తే మళ్లీ దిగుతుంది. పొద్దున మాత్రం వేడెక్కడానికి అరగంట, అందాకా తెల్ల పొగ. రేడియేటర్ రాడ్డింగ్ (గొట్టాల్లో పుల్లలు దూర్చి శుభ్రం చేయడం) అయ్యి ఆర్నెల్లు, వాటర్ పంపు కొత్తది, బెల్టు బిగువుగానే ఉంది.

హౌసింగ్ విప్పితే థర్మోస్టాట్ (నీళ్ల వేడిని బట్టి రేడియేటర్ దారి తెరిచి మూసే ముక్క) చల్లగా ఉన్నప్పుడే సగం తెరుచుకుని ఉంది. అంచు మీద అంకె చెరిగిపోయింది. షాపులో 71, 76, 83 డిగ్రీలవి మూడు చూపించారు. మూడూ ఆ గూట్లో కూర్చుంటాయి. మేస్త్రీ "ఎండలు పోయేదాకా అది లేకుండా తోలు" అంటాడు. ఏం చేయమంటారు?

కందుకూరు_డీజిల్:
మన ఎండలకి 71 వేసెయ్ తమ్ముడూ. తొందరగా తెరుచుకుంటుంది, ఇంజను చల్లగా ఉంటుంది. లేదా మేస్త్రీ చెప్పినట్టు తీసి అవతల పెట్టు. రోహిణి కార్తెలో సగం లారీలు అట్నే తిరుగుతున్నాయి.

వెర్నియర్:
తీసేయడం గురించి ముందు. 6బీటీలో అది చేయకూడదు. ఈ ఇంజనులో థర్మోస్టాట్ ఒక తలుపు కాదు, రెండు తలుపులు. పై తలుపు రేడియేటర్‌కి పోయే దారి. కింద స్ప్రింగు అడుగున ఉండే చిన్న బిళ్ల రెండో తలుపు, అది బైపాస్ దారి, అంటే రేడియేటర్‌కి పోకుండా నీళ్లు తిరిగి పంపులోకి వచ్చే అడ్డదారి. ఇంజను చల్లగా ఉంటే పైది మూసి, కిందది తెరిచి ఉంటుంది. వేడెక్కే కొద్దీ పైది తెరుచుకుంటూ కిందది మూసుకుంటుంది. థర్మోస్టాట్ తీసేస్తే రెండూ బార్లా తెరుచుకున్నట్టే. నీళ్లు సులువు దారి చూసుకుంటాయి. రేడియేటర్ గొట్టాల్లో దూరడం కంటే బైపాస్ సులువు. కాబట్టి మరిగిన నీళ్లలో బాగా ఎక్కువ పాలు చల్లబడకుండానే మళ్లీ ఇంజను పైన ఉండే హెడ్డులోకి వస్తాయి. ఖాళీ బండికి తెలియదు. లోడు మీద, చీమకుర్తి ర్యాంపు మీద తెలుస్తుంది. థర్మోస్టాట్ లేకుండా ఇంజను నడపొద్దు, హీటెక్కుతుందని కమ్మిన్స్ వాళ్ల మాన్యువల్లోనే ఉంది.

మీ బండి జబ్బు కూడా ఇదే. సగంలో ఇరుక్కున్న థర్మోస్టాట్ అంటే రేడియేటర్ దారి సగం, బైపాస్ దారి సగం. పొద్దున ఆలస్యంగా వేడెక్కడం, లోడు మీద మరగడం, చూడ్డానికి రెండు ఎదురుబొదురు జబ్బులు. మూలం ఒకటే.

పాత_లైలాండ్:
వెర్నియర్ గారు చెప్పింది నిజం. అయితే అన్ని ఇంజన్లకీ అడుగు బిళ్ల ఉండదు. కొన్నిటికి పక్కనుంచి వచ్చే చిన్న హోస్ పైపే బైపాసు, అది ఎప్పుడూ తెరిచే ఉంటుంది. అలాంటివాటిలో థర్మోస్టాట్ తీస్తే మరగదు, పైగా చల్లబడిపోతుంది. "తీసేస్తే మా బండి చల్లగా ఉందే" అనేవాళ్లు చెప్పేది ఈ రకం. అక్కడి మాట ఇక్కడ పనికిరాదు. హౌసింగ్ విప్పినప్పుడు లోపల అడుగున గుండ్రటి రంధ్రం, దాని అంచు చెక్కిన సీటులా నున్నగా కనపడితే మీది రెండు తలుపుల రకం.

కందుకూరు_డీజిల్:
సరే, తీసేయడం తప్పనుకుందాం. 71 వేస్తే ఏం నష్టం? 83 దాకా ఎందుకు కాలాలి?

వెర్నియర్:
అంకె అంటే తెరుచుకోవడం మొదలయ్యే వేడి. పూర్తిగా తెరుచుకునేది దాని మీద ఇంకో 10 నుంచి 15 డిగ్రీలకి. 83ది సుమారు 95కి బార్లా తెరుస్తుంది. 71ది 85 దగ్గరే తెరుస్తుంది. ర్యాంపు మీద ముల్లు 100 వైపు పోతున్నప్పుడు రెండూ బార్లానే ఉంటాయి, ఆ క్షణాన రెంటికీ తేడా లేదు. అక్కడినుంచి చల్లబరచాల్సింది రేడియేటరు, ఫ్యాను, పంపు. థర్మోస్టాట్ అడుగు వేడిని నిర్ణయిస్తుంది, పై వేడిని కాదు.

71 నష్టం మిగతా పన్నెండు గంటల్లో. ఖాళీగా దిగేటప్పుడు, లైన్లో నిలబడ్డప్పుడు ఇంజను 70 దగ్గరే ఉంటుంది. చల్లటి సిలిండరు గోడకి తగిలిన డీజిలు పూర్తిగా కాలదు, రింగుల పక్కనుంచి ఆయిల్లోకి దిగుతుంది. ఆయిలు పలచబడుతుంది. గాలిలో తేమ లోపలే నీరై ఆయిల్లో కలిసి మడ్డి కడుతుంది. మైలేజీ తగ్గేది కూడా దీనివల్లే.

ఒక లెక్క. నీళ్లు 95, బయటి గాలి 30 అయితే తేడా 65 డిగ్రీలు. మేలో గుంతలో గాలి 45 అయితే తేడా 50. రేడియేటర్ వదిలే వేడి ఈ తేడాని బట్టే ఉంటుంది, అంటే అదే రేడియేటరు దాదాపు నాలుగో వంతు బలం పోగొట్టుకున్నట్టు. 71 అని అంకె మార్చినంత మాత్రాన ఆ నాలుగో వంతు తిరిగి రాదు.

ఆటోనగర్_నెల్లూరు:
షాపులో మూడూ గూట్లో కూర్చుంటాయి అన్నారు చూడు, అసలు గొడవ ఆడే ఉండాది. అంచు కొలత సరిపోతే సరిపోయినట్టు కాదు. కౌంటర్ మీద అడగాల్సింది "6బీటీకి ఇవ్వు" అని కాదు, పాతది చేతిలో పెట్టుకుని నాలుగు చూడాలి. అంచు బయటి వ్యాసం. అంచు మందం, రబ్బరు రింగుతో కలిపి. అడుగు బిళ్ల ఉందా, దాని వ్యాసం పాతదానంతే ఉందా. ఇంకా అంచు నుంచి ఆ బిళ్ల దాకా పొడవు. ఈ నాలుగోది ఎవరూ చూడరు. బజారులో అచ్చం అదే అంచుతో, అడుగు బిళ్ల లేనివి, పొట్టివి బోలెడు. అవి వేరే బండివి. వేస్తే గూట్లో కూర్చుంటుంది, నీళ్లు కారవు, మీటరు కూడా పది నిమిషాలు మంచిగా చూపిస్తుంది. లోడెత్తిన రోజు మళ్లీ మొదటికొస్తుంది, రేడియేటర్ మీద పడతారు, హెడ్ గాస్కెట్ (హెడ్డు కింద ఉండే ప్యాకింగు) మీద పడతారు, థర్మోస్టాట్ "కొత్తదే గదా" అని వదిలేస్తారు.

చీమకుర్తి_2516:
పాతది సగంలో ఇరుక్కుని ఉంది కదా అన్నా, దాని పొడవు ఎట్టా నమ్మేది? అదీగాక అది కంపెనీ నుంచి వచ్చిందో మధ్యలో ఎవరు వేశారో తెలియదు.

వెర్నియర్:
మంచి ప్రశ్న. పాతదాన్ని నమ్మొద్దు, గూటిని కొలవండి. వెర్నియర్ కాలిపర్ వెనకనుంచి వచ్చే సన్నటి పుల్ల లోతు కొలవడానికే. థర్మోస్టాట్ అంచు కూర్చునే మెట్టు నుంచి అడుగున బైపాస్ సీటు దాకా లోతు తీసుకోండి, మూడు చోట్ల, ప్యాకింగు తుక్కు గీకిన తర్వాత. ఉదాహరణకి లోతు 38 మి.మీ. వచ్చిందనుకుందాం.

ఇప్పుడు కొత్త థర్మోస్టాట్ రెండు కొలతలు. చల్లగా ఉన్నప్పుడు అంచు నుంచి బిళ్ల అడుగు దాకా, మరిగే నీళ్లలో పూర్తిగా సాగినప్పుడు అదే దూరం. చల్లటి కొలత 38 కంటే బాగా తక్కువ ఉండాలి, లేకపోతే చల్ల ఇంజనులోనే బైపాసు మూసుకుంటుంది. వేడి కొలత 38ని దాటి ఒకటి రెండు మి.మీ. ఎక్కువ రావాలి. ఆ ఎక్కువని బిళ్ల వెనక స్ప్రింగు తీసుకుంటుంది, సీటు మీద నొక్కి మూస్తుంది. వేడి కొలత 36 దగ్గరే ఆగిపోతే బైపాసు ఎప్పటికీ మూసుకోదు. మరీ ఎక్కువైనా తప్పే, బిళ్ల ముందే సీటుకి తగిలి పై తలుపు సాగడానికి అడ్డం పడుతుంది.

కాలిపర్ లేకపోతే గోధుమపిండి ముద్ద. బైపాస్ సీటు మీద చిన్న ముద్ద పెట్టి, మరిగే నీళ్లలోంచి పట్టకారుతో తీసిన థర్మోస్టాట్‌ని వెంటనే గూట్లో అదిమి తీయండి. ముద్ద మీద బిళ్ల అచ్చు పడి, అంచు కాగితమంత పలచగా నలిగితే సరిపోయినట్టు. అచ్చే పడకపోతే ఆ ముక్క మీది కాదు. చూశాక పిండి అంతా తుడిచేయండి, పంపులోకి పోనీయకండి.

గిద్దలూరు_ఘాట్:
చల్లారితే మళ్లీ కుంచించుకుపోదా? గూట్లో పెట్టేలోపే కొలత మారుతుంది కదా.

వెర్నియర్:
మారుతుంది, కానీ వెంటనే కాదు. లోపల ఉండేది రాగి పొడి కలిపిన మైనం, అది చల్లబడి గట్టిపడటానికి కాసేపు పడుతుంది. పైగా తెరుచుకున్న వేడికీ మూసుకునే వేడికీ కొన్ని డిగ్రీల తేడా ఉంటుంది. అయిదారు సెకన్లలో పని కానిచ్చేస్తే చాలు. గిన్నె హౌసింగ్ పక్కనే పెట్టుకోండి.

ఆటోనగర్_నెల్లూరు:
మరిగించి చూడటం సరిగా చెప్పుకుందాం, దాన్లోనే అందరూ తప్పు చేస్తారు. గిన్నెలో ఊరికే పడేస్తే అడుగు సెగకి ముందే తెరుచుకుంటుంది, అంకె తప్పు వస్తుంది. పద్ధతి ఇది. చల్లగా ఉన్నప్పుడు పై తలుపు స్ప్రింగుని వేళ్లతో రవ్వంత నొక్కి సందులో సన్నటి కుట్టు దారం ఇరికించి వదలాలి. ఆ దారంతోనే గిన్నె మీద పుల్లకి వేలాడగట్టాలి, అడుగుకీ పక్కలకీ తగలకూడదు. పక్కనే థర్మామీటరు, దాని మొన కూడా అదే లోతులో. మంట చిన్నది. 70 దాటాక నిమిషానికి ఒకటి రెండు డిగ్రీల కంటే వేగంగా పెరగనీయొద్దు, నీళ్లు కలుపుతా ఉండాలి. తలుపు తెరుచుకున్న క్షణాన దారం జారి థర్మోస్టాట్ కింద పడుద్ది. అప్పటి అంకె రాసుకోవాలి. ముద్ర మీద అంకెకి రెండు డిగ్రీలు అటూ ఇటూ అయితే ఒప్పుకోవచ్చు.

తర్వాత 95కి తెచ్చి అయిదు నిమిషాలు ఉంచి తలుపు ఎంత లేచిందో కొలవాలి. లారీ ఇంజన్లకి 8 మి.మీ. తగ్గితే నేను ఒప్పుకోను. మంట తీసి చల్లారనిచ్చి పూర్తిగా మూసుకుందో లేదో చూడాలి, వెలుతురుకి ఎదురుగా పెడితే అంచు చుట్టూ గీత కనపడకూడదు. ఒకే రకం రెండు కొని రెండూ మరిగించండి. రెంటి అంకెలు దగ్గరగా వస్తే ఆ సరుకు మంచిది.

407_కావలి:
మధ్యలో దూరుతున్నా, ఏమనుకోవద్దు. మాది టాటా 407, 497 ఇంజను. ఐసు, రొయ్యల లోడు, అన్నీ పది ఇరవై కిలోమీటర్ల ట్రిప్పులే. థర్మోస్టాట్ ఎప్పుడో తీసేశారు. ఆయిలు పోయకుండానే డిప్‌స్టిక్ మీద లెవెలు పెరుగుతోంది. కొత్తది వేస్తే సరిపోతుందా?

పాత_లైలాండ్:
లెవెలు పెరుగుతుందంటే ఆయిల్లో డీజిలో నీళ్లో కలుస్తున్నాయి. ఒక చుక్క కాగితం మీద వేసి చూడండి. చుట్టూ పలచటి వలయం వెడల్పుగా పాకితే డీజిలు. కాఫీ రంగు నురగైతే నీళ్లు, అది వేరే కథ, బండి ఆపాలి. డీజిలైతే చల్ల ఇంజను ఒక కారణం, కానీ ఫీడ్ పంపు డయాఫ్రమ్, ఇంజెక్షన్ పంపు సీలు, కారే ఇంజెక్టరు కూడా అదే పని చేస్తాయి. అవి చూడకుండా థర్మోస్టాట్ ఒక్కటే వేసి ఆయిలు మారిస్తే మళ్లీ అదే.

ఇంకోటి, ఇది అసలు ముఖ్యం. థర్మోస్టాట్ తీసేసిన బండ్లలో తెలివైన మేస్త్రీలు బైపాస్ హోసులో చెక్క బిరడానో బోల్టో కొట్టి మూసేస్తారు. దాన్ని మర్చిపోయి కొత్త థర్మోస్టాట్ వేశారా, చల్లగా ఉన్నప్పుడు రెండు దారులూ మూత. నీళ్లు తిరగవు. హెడ్డులో ఒకచోట మరుగుతుంటే మైనం గుండుకి వేడి తగలదు, అది తెరుచుకోదు. వేసిన రోజే హెడ్ గాస్కెట్ పోతుంది, నింద కొత్త థర్మోస్టాట్ మీద పడుతుంది. ముందు ఆ హోసు రెండు చివరలా ఊడదీసి నోటితో ఊది చూడండి.

407_కావలి:
చూశాను. పాత బోల్టు ఉంది లోపల, తుప్పుపట్టి. పీకేశాను. దండం.

కనిగిరి_నీళ్లు:
నీళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. మా వైపు బోరు నీళ్లు పాత్రల్లో ఒక్కసారి మరిగిస్తే చాలు, అడుగున తెల్ల పొర. అదే పొర థర్మోస్టాట్ గుండు మీదా పడుతుంది. గుండు మీద సున్నం కట్టిందంటే దానికి వేడి ఆలస్యంగా తెలుస్తుంది, ఆలస్యంగా తెరుచుకుంటుంది. కడ్డీ చుట్టూ చేరితే మీ బండిలోలా సగంలో ఇరుక్కుంటుంది. కొత్తది వేసి మళ్లీ బోరు నీళ్లే పోస్తే ఏడాదిలో అదే గతి.

కూలెంటూ శుద్ధి చేసిన నీళ్లూ సగం సగం. బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ మేలు, లేదంటే మంచి ఆర్వో నీళ్లు. ఆర్వో ప్లాంటు నుంచి వృథాగా పోయే గొట్టం నీళ్లు పట్టుకొచ్చి పోసేవాళ్లున్నారు, అందులో ఉప్పులు బోరు నీళ్లకంటే ఎక్కువ. కూలెంటు రంగు చూసి కలపొద్దు, రంగు కంపెనీ ఇష్టం. రకం వేరైతే లోపల జిగురు కడుతుంది. పాతదేమిటో తెలియకపోతే మొత్తం దింపి కడిగి కొత్తది పోయండి.

కందుకూరు_డీజిల్:
ఎండల్లో కూలెంటు ఎందుకు, అది మంచు దేశాలకి గదా?

కనిగిరి_నీళ్లు:
మంచు మాట వదిలెయ్ అన్నా. సగం సగం కలిపితే మరిగే వేడి 100 నుంచి 107 దాకా పోతుంది. రేడియేటర్ మూత 0.5 బార్ ఒత్తిడిది అయితే ఇంకో 11 డిగ్రీల దాకా కలుస్తుంది. మూత రబ్బరు పగిలి ఒత్తిడి నిలవకపోతే ఆ లాభం పోయింది. మూత కూడా మార్చు, దాని మీద రాసిన బార్ అంకె పాతదానిదే ఉండాలి. ఎక్కువ అంకెది వేస్తే పాత హోసులు పగులుతాయి. తుప్పు పట్టకుండా, సున్నం కట్టకుండా ఆపే మందులు కూలెంటులోనే ఉంటాయి, ఉత్త నీళ్లలో ఉండవు.

గిద్దలూరు_ఘాట్:
కొనే ముందు మీటరు నిజం చెప్తుందో లేదో చూడండి. పాత బండ్లలో ఎర్త్ వదులైతే ముల్లు దానిష్టం. హెడ్‌లైట్లు వేసినప్పుడు ముల్లు కదిలిందంటే వైరింగు తప్పే. లేజర్ థర్మామీటరు ఉంటే థర్మోస్టాట్ ఎల్బో (థర్మోస్టాట్ మీద మూతలా బిగించే వంపు గొట్టం) మీద చూడొచ్చు, కానీ మెరిసే అల్యూమినియం మీద అది వేడిని తక్కువ చూపిస్తుంది. నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి దాని మీద చూడండి.

మామూలుగా అయితే చల్ల ఇంజను స్టార్ట్ చేసి పై హోసు మీద చెయ్యి పెట్టాలి. మొదటి నిమిషం నుంచే గోరువెచ్చగా వస్తే తెరుచుకుని ఇరుక్కుంది, లేదా లోపల లేనేలేదు. మీటరు ఎర్రగీత దగ్గరికొచ్చినా పై హోసు చల్లగా ఉంటే మూసుకుని ఇరుక్కుంది. రెండు హోసులూ మంటగా ఉంటే నీళ్లు తిరుగుతున్నాయి గానీ రేడియేటర్ వేడి వదలడం లేదు. ఫ్యాను, రెక్కల్లో దుమ్ము అటువైపు చూడాలి. నంద్యాల ఘాట్ ఎక్కేటప్పుడు పై హోసుకీ కింది హోసుకీ తేడా 6 నుంచి 10 డిగ్రీలు ఉంటే నాకు బాగున్నట్టే. తేడా 20 దాటితే నీళ్లు మెల్లగా పోతున్నాయని లెక్క.

చీమకుర్తి బండికి ఇంకో మాట. రాతి పొడి తడిసి రెక్కల్లో సిమెంటులా గట్టిపడుతుంది, ముందునుంచి చూస్తే శుభ్రంగా కనపడుతుంది. ఇంజను వైపు నుంచి ముందుకి, గాలి వచ్చే దారికి ఎదురుగా, మెల్లటి నీళ్లతో కడగాలి. వాటర్ సర్వీసు గన్ను దగ్గరగా పెడితే రెక్కలు ఒరిగిపోతాయి.

చీమకుర్తి_2516:
అన్నలారా, కొలతలు ఇవిగో. గూటి లోతు మూడు చోట్లా 41 మి.మీ. వచ్చింది. 71, 76 రెంటికీ అడుగు బిళ్లే లేదు! ఇన్నాళ్లూ గమనించలేదు. 83వి రెండు వేర్వేరు పెట్టెల్లోవి తెచ్చా. మొదటిదాని దారం 82కి జారింది, 95 దగ్గర లేచింది 9.5 మి.మీ., వేడిలో అంచు నుంచి బిళ్ల దాకా 42.5. రెండోది ముద్ర 83 అనే ఉంది, 89 దాకా దారం కదల్లేదు, 95కి లేచింది 5 మి.మీ. మాత్రమే, వేడి పొడవు 38.

వెర్నియర్:
మొదటిది వేయండి. రెండోది వేస్తే బైపాసు 3 మి.మీ. తెరిచే ఉండేది, సగంలో ఇరుక్కున్న పాతదానికీ దానికీ పెద్ద తేడా లేదు. వాపసు ఇచ్చేటప్పుడు గిన్నె, థర్మామీటరు కూడా తీసుకెళ్లండి, కౌంటర్ మీదే చూపించొచ్చు.

ఆటోనగర్_నెల్లూరు:
పెట్టె చూసి మోసపోవద్దు. కమ్మిన్స్ సొంత పెట్టెలోది, చెన్నై వెస్టర్న్ థామ్సన్‌ది, మాలే కంపెనీది, ఇట్టాంటివి పేరున్న సరుకులే. పేరున్నవాటి పెట్టెలకే నకళ్లు కొడతారు. ముద్ర లోతుగా, సమంగా ఉండాలి. రంగుతో అచ్చేసిన అంకె గోటితో గీకితే పోతే పక్కన పెట్టెయ్. బిళ్ల వెనక స్ప్రింగు వేలితో నొక్కితే మెత్తగా దిగి తిరిగి లేవాలి.

పాత_లైలాండ్:
బిగించేటప్పుడు జాగ్రత్తలు. ఇంజను పూర్తిగా చల్లారాక రేడియేటర్ నుంచి ఎల్బో మట్టం కిందకి వచ్చేదాకా నీళ్లు దింపండి. ఆల్టర్నేటర్ పై బ్రాకెట్ అడ్డం వస్తే దాన్ని ముందు వదులు చేసుకోండి. పాత ప్యాకింగు ప్లాస్టిక్ గీకుడుతో తీయండి, స్క్రూడ్రైవరుతో గీకితే పడ్డ గాటులోంచి జన్మంతా నీళ్లు కారతాయి. గుండు, స్ప్రింగు ఉన్న వైపు ఇంజను లోపలికి. తిరగేసి వేసినవి కూడా చూశాం, గుండుకి వేడి నీళ్లు తగలక తెరుచుకోదు.

అంచు మెట్టులో సరిగ్గా కూర్చుందని వేలితో చుట్టూ తడిమి చూశాకే ఎల్బో పెట్టండి. రవ్వంత పక్కకి జరిగినా బోల్టు బిగించేసరికి ఎల్బో చెవి టక్కుమని విరుగుతుంది. బోల్టులు ఒకటి మార్చి ఒకటి కొంచెం కొంచెంగా, 6బీటీకి 24 న్యూటన్ మీటర్లు. టార్క్ రెంచి లేకపోతే పొట్టి స్పానరుతో ఒంటి చేత్తో, పైపు తగిలించొద్దు. అనాబాండ్ (నీళ్లు కారకుండా పూసే జిగురు) పూయాల్సిన పని లేదు. ఎక్కువ పూస్తే లోపలికి పొంగి గాలి పోయే చిన్న రంధ్రాన్ని మూసేస్తుంది.

గిద్దలూరు_ఘాట్:
ఆ రంధ్రం లేని థర్మోస్టాట్ అయితే 3 మి.మీ. డ్రిల్లు కొట్టమంటారు కొందరు. మంచిదేనా?

వెర్నియర్:
మీ ఇంజనుకి వచ్చే అసలు థర్మోస్టాట్‌కి రంధ్రం ఉండి కొత్తదానికి లేకపోతే అది తప్పు ముక్క, మార్చుకోండి. అసలుదానికే లేకపోతే గాలి పోవడానికి ఇంజను మీద ఇంకోచోట దారి ఇచ్చి ఉంటారు, డ్రిల్లు అనవసరం. రంధ్రం పని ఒక్కటే, నీళ్లు నింపేటప్పుడు గుండు చుట్టూ గాలి బుడగ నిలవకుండా. గాలిలో ఉన్న గుండుకి నీళ్ల వేడి తెలియదు. థర్మోస్టాట్ నిలువుగా కూర్చునే ఇంజన్లలో ఆ రంధ్రం పై వైపుకి రావాలి, గాలి చేరేది అక్కడే.

పాత_లైలాండ్:
నింపడం మెల్లగా. గబగబా పోస్తే నిండినట్టే కనపడుతుంది, లోపల గాలి ఉంటుంది. మూత తీసి ఐడిల్ మీద నడపండి, పై హోసు వేడెక్కి మట్టం ఒక్కసారి పడిపోతుంది, అదే తెరుచుకున్న గుర్తు. అప్పుడు కలిపిన కూలెంటు పోసి మూత పెట్టండి. మరుసటి రోజు చల్లగా ఉన్నప్పుడు మళ్లీ మట్టం చూడండి. మట్టం పడే ముందూ తర్వాతా బుడగలు ఆగకుండా వస్తూ డీజిలు పొగ వాసన కొడితే అది హెడ్ గాస్కెట్, థర్మోస్టాట్ దాన్ని బాగుచేయదు.

చీమకుర్తి_2516:
మొదటి 83 వేశాం. కూలెంటు సగం, డిస్టిల్డ్ వాటర్ సగం. మూత కూడా మార్చాం. నల్ల టేపు అంటించి లేజరుతో చూసిన లెక్క: చల్ల ఇంజను నుంచి పై హోసు వేడెక్కడానికి పన్నెండు నిమిషాలు. ఖాళీగా దిగేటప్పుడు ఎల్బో 82, 84 మధ్య. లోడుతో ర్యాంపు చివర ఆపి చూస్తే ఎల్బో 94, పై హోసు 92, కింది హోసు 83. గాలి 41. తెల్ల పొగ రెండో నిమిషానికే పోతోంది.

గిద్దలూరు_ఘాట్:
9 డిగ్రీల తేడా, బాగుంది. 94 కూడా సరైన చోటే. మే చివర గాలి 45కి పోతే ఇది 98 దాకా రావచ్చు, అప్పుడు కంగారుపడి థర్మోస్టాట్ పీకకండి. ర్యాంపు మీద ఒక గేరు తగ్గించి ఎక్కితే ఫ్యానూ పంపూ వేగంగా తిరుగుతాయి. 100 దాటితే పక్కన ఆపి ఐడిల్ మీదే ఉంచండి, ఇంజను ఆపేస్తే నీళ్లు నిలిచిపోయి హెడ్డు ఇంకా కాలుతుంది. మరుగుతున్న ఇంజనులో చన్నీళ్లు పోస్తే హెడ్డు పగులుతుంది, అది తెలిసిందే.

కందుకూరు_డీజిల్:
అడుగు బిళ్ల సంగతి ఇన్నేళ్లూ తెలియలేదబ్బా. మాది 1210, 697 ఇంజను. దానికీ ఇదేనా?

వెర్నియర్:
697 కూడా విప్పి అడుగు చూడండి, సీటు కనపడితే ఇదే పద్ధతి, లోతు మీరే కొలవాలి. 41 అని చీమకుర్తి కొలతని పట్టుకుపోయి షాపులో అడగొద్దు.

చీమకుర్తి_2516:
రెండోదాన్ని షాపతను గిన్నెలో చూసి మాట్లాడకుండా మార్చి ఇచ్చాడు. మార్చి ఇచ్చినదాన్ని కూడా దారం కట్టి చూశా, 84కి జారింది, 9 మి.మీ. లేచింది, వేడి పొడవు 42. బండిలో స్పేరుగా పెట్టుకుంటున్నా, రబ్బరు రింగుతో సహా.